చిల్లు పడ్డ ఓడనే కట్టమనండి



గల్ఫ్‌లో ఎండాకాలం సెలవులంటే పిల్లలకి నాలుగు గోడలే లోకం. బయట 45 డిగ్రీల ఎండ, లోపల ఏసీ, చేతిలో ఫోన్. ఫోన్ లాక్కున్నాక వాళ్ల చేతిలో ఏం పెట్టాలన్నది ప్రతి తల్లికీ తలనొప్పే. అందుకే కొన్ని ఇళ్లలో ఈమధ్య ప్లాస్టిక్ మోడల్ కిట్లు కనిపిస్తున్నాయి. యుద్ధవిమానాలు, ట్యాంకులు, యుద్ధనౌకలు. ముక్కలు విరిచి, జిగురు పెట్టి, రంగు వేసి అలమారాలో పెట్టుకోవడం. వీటి గురించి మన గ్రూపుల్లో రెండు మాటలు వింటుంటాను. "పోన్లే, బుద్ధిగా ఒకచోట కూర్చుంటున్నాడు" అనేవాళ్లు కొందరు. "ఇంట్లో యుద్ధాల బొమ్మలు ఎందుకమ్మా" అనేవాళ్లు కొందరు.

నాది మూడో మాట. కట్టనివ్వండి, కానీ దెబ్బతిన్న ఓడను కట్టమనండి. కొత్తగా, తళతళలాడుతూ, ఫిరంగులు ఎత్తిపెట్టుకున్న ఓడ కాదు. పొట్టలో చిల్లు పడి, మసి పట్టి, రేవులో నిలబెట్టిన ఓడ.

దీన్ని డయోరమా అంటారు. పేరు కొత్తేమో గానీ పని మనకి కొత్త కాదు. సంక్రాంతికో దసరాకో బొమ్మల కొలువు పెట్టేటప్పుడు మెట్ల పక్కన ఇసక పోసి, ఆవాలు మొలకెత్తించి, అద్దం ముక్కతో చెరువు చేసి, గుడీ బండీ బావీ పెట్టి ఊరు కడతాం చూడండి, అదే. ఒక చోటు, ఒక సమయం, అందులో మనుషులు, అన్నీ ఒకే కొలతలో.

ఏ ఓడ కట్టాలి అంటారా? మనం ఉంటున్న ఊళ్ల ముందున్న సముద్రంలోనే దెబ్బతిన్న ఓడ ఒకటుంది. అమెరికా నౌకాదళం వారి ఫ్రిగేట్, పేరు శామ్యూల్ బి. రాబర్ట్స్. ఇరాన్, ఇరాక్‌ల యుద్ధం నడుస్తున్న రోజులవి. ఇరుపక్షాలూ చమురు ఓడల మీద దాడులు చేస్తుంటే, కువైట్ ట్యాంకర్లకి కాపలాగా అమెరికా ఓడలు గల్ఫ్‌లో తిరిగేవి. 1988 ఏప్రిల్ 14 సాయంత్రం రాబర్ట్స్ ఓడ కాపలాదారుకి నీళ్లలో తేలుతున్న మందుపాతరలు కనిపించాయి. కెప్టెన్ పాల్ రిన్ ఓడను ఆపి, వచ్చిన దారినే వెనక్కి తీసుకెళ్లబోయాడు. ఆ ప్రయత్నంలోనే కంటికి కనపడనిది ఒకటి తగిలింది.

ఓడ ఎడమ పక్కన, నీటిమట్టం కింద 15 అడుగుల చిల్లు పడింది. ఇంజన్ గది నిండిపోయింది. రెండు గ్యాస్ టర్బైన్ ఇంజన్లు వాటి దిమ్మల మీద నుంచి ఊడిపోయాయి. కీల్, అంటే ఓడకి వెన్నెముక లాంటిది, విరిగింది. మంటలు పొగగొట్టంలోంచి పైకి లేచాయి. ఓడలో ఉన్నది దాదాపు 200 మంది. ఐదు గంటలపాటు వాళ్లు నిప్పుతోనూ నీళ్లతోనూ పోరాడారు. ఓడలో మంట ఆర్పడం ఇంట్లో ఆర్పినట్టు కాదు. ఆర్పడానికి పోసిన ప్రతి బిందెడు నీళ్లూ ఓడ బరువు పెంచి కిందికి లాగుతాయి. కాబట్టి మంట మీద పోస్తూ ఉండాలి, లోపలికి వచ్చినవి తోడేస్తూ ఉండాలి, పక్క గదికి నీరు పాకకుండా అడ్డగోడలకి దుంగలు ఆనించి మేకులు బిగిస్తూ ఉండాలి. అన్నీ చీకట్లో, పొగలో.

ఈ ఓడ పైభాగం అల్యూమినియంతో చేసింది. పేలుడుకి అది బీటలు వారింది. ఓడ రెండుగా విడిపోకుండా నావికులు ఉక్కు తాళ్లు తెచ్చి బీటకి అటూ ఇటూ కట్టి బిగించారు. చిరిగిన చీరకి కుట్టు వేసినట్టే. చివరికి ఓడ మునగలేదు, ఎవరూ చనిపోలేదు. మెల్లగా మందుపాతరల మధ్య నుంచి బయటపడి, ఇంకో ఓడ లాక్కొస్తే దుబాయ్ చేరింది.

ఇంకో సంగతి. ఇదే పేరుతో అంతకు ముందు ఒక ఓడ ఉండేది. 1944 అక్టోబర్ 25న ఫిలిప్పీన్స్‌లో సమర్ దీవి దగ్గర, తనకన్నా ఎన్నో రెట్లు పెద్దవైన జపాన్ నౌకలకి ఎదురెళ్లి మునిగిపోయింది. ఆ మొదటి ఓడ వాళ్ల పేర్లు చెక్కిన పలక ఒకటి ఈ కొత్త ఓడలో ఉండేది. ఆ రాత్రి మంటల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నావికులు ఆ పలకని చేత్తో తాకి వెళ్లారట. గుడి ముందు నుంచి వెళ్తూ మనం గడప తాకి కళ్లకద్దుకున్నట్టు. బొమ్మలో ఆ పలక కనిపించదు. కానీ కట్టే పిల్లాడికి తెలిసి ఉండాలి.

ఇక కట్టడం సంగతి. మా అబ్బాయికి పదిహేనేళ్లు. మా ఆయన ఇక్కడి ఓడల మరమ్మతు యార్డులో ఫ్యాబ్రికేటర్. నేను కాలిన గాయాల వార్డులో చాలా ఏళ్లు పనిచేసిన నర్సుని. ముగ్గురం ఒకే బల్ల దగ్గర కూర్చుంటే ఈ పని గురించి మాకు ముగ్గురికీ చెప్పడానికి ఏదో ఒకటి ఉంది. అందుకే ఇంత ధైర్యంగా రాస్తున్నాను.

మొదట లెక్క. 1:350 కొలతలో కడితే 453 అడుగుల ఓడ 39 సెంటీమీటర్లకి వస్తుంది, అంటే మన చెంచాల అరకి సరిపోయేంత. 15 అడుగుల చిల్లు 13 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ కన్నా కాస్త పెద్దది. మనిషి 5 మిల్లీమీటర్లు, ఒక సోనామసూరి బియ్యపు గింజ. ఈ మూడూ పక్కపక్కన పెట్టి పిల్లాడిని చూడమనండి. గుండీ అంత చిల్లులోంచి వస్తున్న సముద్రాన్ని బియ్యపు గింజలంత మనుషులు ఆపారు. ఏ సినిమా గ్రాఫిక్సూ ఈ మాట ఇంత సూటిగా చెప్పదు.

ఈ రకం ఓడల్లో మొదట కట్టినవి 445 అడుగులు. రాబర్ట్స్ తరవాతిది, తోక వైపు 8 అడుగులు ఎక్కువ. కిట్ పొట్టి రకానిదైతే వెనక 7 మిల్లీమీటర్లు అతకాలి. "ఎవరికి తెలుస్తుందిలే" అని వదిలేయొద్దు. కట్టిన వాడికి తెలుస్తుంది కదా.

చిల్లుని కత్తితో గుండ్రంగా కోసేస్తే అది చిల్లులా ఉండదు, కిటికీలా ఉంటుంది. ముందు లోపలి వైపు నుంచి ప్లాస్టిక్‌ని శాండ్ పేపర్‌తో కాగితమంత పలచగా అరగదీయాలి. తరవాత చీల్చి, వంచాలి. మందుపాతర బయట పేలింది కాబట్టి రేకు అంచులు లోపలికి వంగాలి. బయటికి పువ్వులా విచ్చుకున్నట్టు పెడితే పేలుడు లోపల జరిగిందని చెప్పినట్టు. మా ఆయన మొదట పట్టుకునేది ఇదే. ప్లాస్టిక్ మాట వినకపోతే, బిర్యానీ పార్సిల్ వచ్చే అల్యూమినియం పళ్లెం కత్తిరించి చిల్లు చుట్టూ అతికించండి. నిజం ఇనుప రేకు చిరిగినట్టే చిరుగుతుంది. లోపల ఖాళీగా వదలొద్దు. ఓడ పొట్టకి పక్కటెముకల్లా బద్దీలు ఉంటాయి. సన్నటి ప్లాస్టిక్ పుల్లలు పెట్టి, కొన్ని వంచి, కొన్ని విరిచి చూపించాలి.

రంగు దగ్గర నా మాట వినండి. కాలినదంటే నలుపు అనుకుంటారు, దగ్గర నుంచి చూడని వాళ్లు. కాలిన చర్మం ఒకచోట ఎర్రగా, ఒకచోట మైనంలా తెల్లగా, ఒకచోట తోలులా గోధుమరంగులో ఉంటుంది. కాలిన ఓడా అంతే. ఒకచోట రంగు పొక్కులు లేస్తుంది, ఒకచోట ఊడి లోహం బయటపడుతుంది, మసి మాత్రం పొగ వెళ్లిన దారినే పైకి పాకుతుంది. నల్ల పెయింట్ డబ్బా తీసి పూసేయడం కాదు. బొగ్గు పొడో, పెన్సిల్ పొడో, చాక్‌పీసు పొడో మెత్తటి బ్రష్‌తో పొగగొట్టం దగ్గర మొదలుపెట్టి అద్దాలి. ఇంకోటి, పైభాగం అల్యూమినియం అన్నాను కదా, దానికి ఎర్ర తుప్పు పట్టదు. తుప్పు చారలన్నీ కింద ఉక్కు పొట్టకే.

చిల్లు నీటిమట్టం కింద ఉంది కాబట్టి సముద్రంలో పెడితే కనిపించదు. అందుకే దుబాయ్ డ్రై డాక్‌లో పెట్టమంటాను. నీళ్లు తోడేసిన పెద్ద గుంటలో దిమ్మల మీద ఓడ నిలబడి ఉంటుంది. నిజంగానే దాన్ని దుబాయ్‌లో అలా నిలబెట్టి చిల్లుని పరీక్షించారు, ఆ ఫోటోలు ఉన్నాయి. కట్టడం కూడా తేలిక. అట్ట గోడలు, అగ్గిపుల్ల ముక్కలతో దిమ్మలు. కత్తీ జిగురూ దగ్గర మాత్రం పెద్దవాళ్లు ఉండాలి, కిటికీ తెరిచి ఉంచాలి, ప్లాస్టిక్ అరగదీసేటప్పుడు మాస్కు ఉండాలి. నర్సుని కదా, చెప్పకుండా ఉండలేను.

మనుషుల్ని మాత్రం మరవొద్దు. మోడల్ ప్రదర్శనల ఫోటోలు చూస్తుంటాను. విరిగిన ఓడలు అద్భుతంగా కడతారు, కానీ చాలావాటిలో ఒక్క మనిషీ ఉండడు. చిల్లు మాత్రం అందంగా ఉంటుంది. నాకు నచ్చనిది అదే. మనుషులు లేని దెబ్బ వట్టి అలంకారం. చిల్లు కింద తలెత్తి చూస్తున్న నావికుడిని పెట్టండి. నిచ్చెన మీద వెల్డర్‌ని పెట్టండి. మన వాళ్లు ఎందరో ఈ గల్ఫ్ యార్డుల్లో ఫిట్టర్లుగా, వెల్డర్లుగా బతుకుతున్నారు. దెబ్బతిన్న ప్రతి ఓడ కిందా చివరికి నిలబడేది అలాంటి చేతులే.

ఇక అభ్యంతరాలు. "పగిలిన వస్తువు ఇంట్లో ఉంచకూడదు" అని మా అత్తగారు ఫోన్‌లో అన్నారు. నిజమే, విరిగిన బొమ్మని కొలువులో పెట్టం. నేను ఆవిడకి చెప్పిన జవాబే మీకూ చెబుతున్నాను. ఇది పగిలి పారేసిన వస్తువు కాదు అత్తయ్యా, బాగుపడుతున్న వస్తువు. ఆ ఓడను ఆ జూన్ 27న మైటీ సర్వెంట్ 2 అనే ఇంకో పెద్ద ఓడ మీదకి ఎక్కించారు. ఆ పెద్ద ఓడ తనలోకి నీళ్లు నింపుకుని మునిగి, ఇది పైకి తేలుకుంటూ వచ్చాక మళ్లీ లేచి, బిడ్డని చంకనెత్తుకున్నట్టు అమెరికా తీసుకెళ్లింది. అక్కడ పాడైన ఇంజన్ గది మొత్తాన్ని కోసి తీసేసి, విడిగా తయారుచేసిన 315 టన్నుల కొత్త గదిని అమర్చారు. మరమ్మతుకి 8 కోట్ల 95 లక్షల డాలర్లు అయ్యాయి. 1989 అక్టోబర్‌కి మళ్లీ సముద్రంలో పరీక్షకి వెళ్లింది. తరవాత 2015 దాకా పనిచేసింది. ఇది అశుభమైతే మా ఆసుపత్రి మొత్తం అశుభమే.

రెండో అభ్యంతరం ఇంకా బరువైంది. "వేరే దేశం సైన్యం ఓడని మన పిల్లాడు పొగడటం ఎందుకు?" పొగడమని నేను అనడం లేదు. ఆ కథ ఆ ఓడతో అయిపోలేదు. చుట్టుపక్కల దొరికిన మందుపాతరల మీది నంబర్లు ఇరాన్ వాటితో సరిపోయాయని తేల్చి, నాలుగు రోజులకే, ఏప్రిల్ 18న అమెరికా దాడి చేసింది. ఇరాన్ నౌకలు మునిగాయి, వాళ్ల నావికులు పదుల సంఖ్యలో చనిపోయారు. హెలికాప్టర్ కూలి ఇద్దరు అమెరికన్లు పోయారు. రాబర్ట్స్‌ని పెద్ద ఓడ మీదకి ఎక్కించిన ఆరు రోజులకి, జూలై 3న, బందర్ అబ్బాస్ నుంచి దుబాయ్‌కి వస్తున్న ఇరాన్ ఎయిర్ 655 విమానాన్ని విన్సెన్స్ అనే అమెరికా యుద్ధనౌక కూల్చేసింది. ఉన్న 290 మందీ పోయారు. అందులో 66 మంది పిల్లలు. పదిమంది మన భారతీయులు.

డయోరమా అంటే ఒక పలక. ఆ పలక అంచు ఎక్కడ కోయాలో కట్టేవాడే నిర్ణయిస్తాడు. అంచు అవతల ఏముందో చెప్పకపోతే కొలతలు ఎంత సరిగ్గా ఉన్నా అది సగం నిజమే. అందుకే పలక ముందు ఒక చిన్న కార్డు పెట్టించండి. పిల్లాడి చేతే తెలుగులో రాయించండి. ఓడ పేరు, తేదీ, ఎంత చిల్లు, ఎంతమందికి గాయాలు, తరవాత ఎవరెవరు పోయారు. తెలుగు అక్షరాలు మరిచిపోతున్నారని బాధపడుతున్నాం కదా, ఆ పని కూడా అయిపోతుంది.

ఆ కార్డులో "ఎంతమందికి గాయాలు" అన్న గీత మాత్రం దయచేసి వదలొద్దు. నేను ఇదంతా రాస్తున్నది నిజానికి ఆ గీత కోసమే. రాబర్ట్స్ గురించి ఎవరు చెప్పినా "ఒక్కరూ చనిపోలేదు" అని చెప్పి ముగిస్తారు. గొప్ప మాటే. కానీ పదిమంది గాయపడ్డారు. వాళ్లలో నలుగురికి ఒళ్లు బాగా కాలి టెక్సాస్‌లోని సైనిక ఆసుపత్రి దాకా తీసుకెళ్లాల్సి వచ్చింది. కాలిన ఒంటికి ఒక్కో రోజు డ్రెస్సింగ్ మార్చడమంటే ఏమిటో నాకు తెలుసు. తట్టుకోలేక పళ్లు బిగబట్టే వాళ్ల చేయి పట్టుకుని నిలబడ్డాను. చర్మం అతికించాక కూడా వేళ్లు ముడుచుకుపోకుండా నెలల తరబడి వ్యాయామం చేయించాలి. ఓడకి ఎంత ఖర్చయింది, ఏ రోజు డాక్ నుంచి బయటికి వచ్చింది అన్నీ లెక్కగా దొరుకుతాయి. మనుషులకి మాత్రం "గాయపడ్డారు" అని ఒక్క మాట.

మన దగ్గర మాత్రం? ఇక్కడ సైట్‌లో దెబ్బ తగిలి ఇంటికి వెళ్లిపోయిన వాళ్ల గురించి మనమూ ఇలాగే అంటాం. "ప్రాణం దక్కింది, అదే పదివేలు." ఆ మాట అనేశాక ఇంక అడగం. చేయి పనిచేస్తోందా, రాత్రి నిద్ర పడుతోందా, పెళ్లాం పిల్లలు ఎలా నెట్టుకొస్తున్నారు, ఎవరూ అడగరు. పోయినవాళ్లకి ఫోటోకి దండ ఉంటుంది. దెబ్బతిని బతికినవాళ్లకి అదీ ఉండదు.

అందుకే దెబ్బతిన్న ఓడను కట్టమంటున్నాను. 13 మిల్లీమీటర్ల చిల్లు సరిగ్గా రావడానికి వారం రోజులు తలవంచుకు కూర్చున్న పిల్లాడు, రేపు ఎవరికైనా దెబ్బ తగిలిందని వింటే "బతికాడా?" దగ్గర ఆగిపోడని నా నమ్మకం. "తరవాత ఏమైంది?" అని అడుగుతాడు. ఆ రెండో ప్రశ్న నేర్పే ఆటలు మనకి ఎక్కువ లేవు.

మీకు వేరే అభిప్రాయం ఉంటే రాయండి, వచ్చే నెల సంచికలో వేద్దాం. మీ ఇంట్లో ఎవరైనా కడితే ఫోటో గ్రూపులో పెట్టండి. బాగున్న వైపు నుంచి కాదు, ఎడమ పక్క నుంచి, చిల్లు కనపడేలా తీసి పెట్టండి.

— షార్జా నుంచి ఒక నర్సు